ఇనుప అతివాహకాలు: పట్టికలో పట్టని విషయం

2008వ సంవత్సరం మహబూబ్‌నగర్ వారికి పాలమూరు విశ్వవిద్యాలయం వెలసిన సంవత్సరంగా గుర్తుంటుంది. ఆ యేడాది ఆరంభంలోనే జపాను దేశంలో, టోక్యో సాంకేతిక విద్యాసంస్థలో, హిడియో హొసోనో బృందంవారు భౌతికశాస్త్రజ్ఞుల పాత నమ్మిక నొకదానిని తారుమారు చేసినారు. ఇనుము ఉన్నచోట అతివాహకతకు తావులేదన్నదే ఆ నమ్మిక. లాంథనం, ఇనుము, ఆర్సెనిక్, ఆక్సిజన్ కలిసిన ఒక సమ్మేళనంలో ఆక్సిజన్‌కు బదులు కొంత ఫ్లోరిన్‌ను చేర్చగా, అది 26 కెల్విన్ల వద్ద విద్యున్నిరోధాన్ని పూర్తిగా కోల్పోయినది.

అప్పటినుండి ఈ ఇనుప అతివాహకాల ప్రసక్తి పై తరగతుల పాఠాలలోను, పత్రికలలోను తరచు వస్తున్నది. అయితే ఆ ప్రసక్తి చాలాచోట్ల ఒకే తీరుగా సాగుతున్నది. ఒక పట్టిక గీసి, ఎడమ వరుసలో ఏ మూలకం ఎంత కలిపినారో, కుడి వరుసలో సందిగ్ధ ఉష్ణోగ్రత ఎంత పెరిగినదో వ్రాసి ముగిస్తారు. ఈ పట్టిక అబద్ధం కాదు. కాని అది విద్యార్థికి ఒక అబద్ధపు భావాన్ని నేర్పుతున్నది. పదార్థపు సంఘటనం తెలిస్తే చాలు, దాని ధర్మం తెలిసినట్లే నన్నది ఆ భావం. ఇది ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించవలసి ఉన్నది.

ముందుగా ఇనుమును ఎందుకు వెలివేసినారో చూద్దాము. 1911లో హాలండు దేశీయుడు కామర్లింగ్ ఆన్స్ పాదరసాన్ని సుమారు 4.2 కెల్విన్ల వరకు చల్లార్చి, దాని నిరోధం మాయమగుట గమనించినాడు. అతివాహకంలో ఎలక్ట్రాన్లు ఒంటిగా నడవక జతలుగా నడుస్తవి. సాధారణంగా ఒక జతలోని రెండు ఎలక్ట్రాన్ల భ్రమణాలు ఒకదాని కొకటి వ్యతిరేక దిశలలో ఉంటవి. ఇనుప పరమాణువు చిన్న అయస్కాంతం వంటిది. అది ఆ రెంటిని ఒకే దిశకు త్రిప్పజూస్తుంది. కాడి కట్టిన ఎద్దులలో ఒకదానిని అదలించి పక్కకు లాగితే కాడి జారిపోయినట్లు, జత విడిపోతుంది. అందుచేత అతివాహకాలకై వెదికేవారు ఇనుము వంటి అయస్కాంత మూలకాల జోలికి పోరాదని అనుకొనేవారు. శుద్ధమైన ఇనుము కూడ, అత్యధిక పీడనంలో తన అయస్కాంతత్వాన్ని కోల్పోయిన పిదప, సుమారు 2 కెల్విన్ల వద్ద అతివాహక మవుతుందని 2001లో తేలినది. అయినను దానిని వింతగా చూచినారే గాని, దారిగా ఎంచలేదు.

హొసోనో బృందం మొదట వెదకినది అతివాహకాలను కాదు. అయస్కాంత ధర్మంగల అర్ధవాహకాలను. 2006లో వారికి ఇదే అమరికగల మరొక సమ్మేళనం, ఆర్సెనిక్‌కు బదులు భాస్వరం కలది, సుమారు 4 కెల్విన్ల వద్ద అతివాహకంగా కనబడినది. అది ఎవరినీ పెద్దగా కదిలించలేదు. 2008లో లభించిన 26 కెల్విన్లు అందరినీ కదిలించినవి. కొద్ది వారాలలోనే చైనా శాస్త్రజ్ఞులు లాంథనానికి బదులు సమేరియం మొదలైన మూలకాలను ఉంచి 55 కెల్విన్ల వరకు పోయినారు. జర్మనీలో డిర్క్ యోహ్రెంట్ బృందం బేరియం, ఇనుము, ఆర్సెనిక్‌ల సమ్మేళనంలో బేరియాన్ని కొంత తొలగించి పొటాషియం చేర్చి 38 కెల్విన్లు సాధించినది. తైవానులో ఇనుము, సెలీనియం అను రెండే మూలకాల సమ్మేళనం 8 కెల్విన్ల వద్ద అతివాహక మయినది. ఇవన్నీ ఒక్క సంవత్సరపు ఫలితాలు. ఇంత వేగంగా ఇన్ని సమ్మేళనాలు దొరకినపుడు పట్టిక వేయుట సహజమే. తప్పు పట్టిక వేయుటలో లేదు, అక్కడ ఆగిపోవుటలో ఉన్నది.

ఇక మొదటి ఉదాహరణనే తీసికొందాము. ఫ్లోరిన్ అను పేరు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలవారికి క్రొత్త కాదు. కృష్ణాజలాలు రాకముందు మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్ళలో బావినీరు త్రాగినవారి పండ్లు మచ్చలు పడుట, కీళ్ళు బిగిసిపోవుట, నడుములు వంగిపోవుట ఎరుగని వారెవరు? త్రాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదన్నది హద్దు. ఇంత స్వల్పమైన పదార్థం మనిషిని ఎట్లు వంచగలదు? ఎముకలోని ఖనిజంలో హైడ్రాక్సిల్ అయాన్ కూర్చునే స్థానం ఒకటి ఉన్నది. ఫ్లోరైడ్ అయాన్ పరిమాణంలో దానికి దగ్గరిది, విద్యుదావేశంలో సమానమైనది. కనుక ఆ పీటమీద ఇది వచ్చి కూర్చుంటుంది. ఎముక నిర్మాణం చెడుటకు ఇంకను ఇతర కారణాలు తోడవుతవి గాని, ఈ స్థానమార్పిడి వాటిలో ముఖ్యమైనది.

జపాను ప్రయోగశాలలో కూడ ఫ్లోరిన్ చేసినది స్థానమార్పిడియే. కాని అక్కడ అది కూర్చున్నది ఆక్సిజన్ పీటమీద. ఆక్సిజన్ అయాన్ రెండు ఋణావేశాలు మోస్తుంది. ఫ్లోరైడ్ ఒక్కటే మోస్తుంది. మిగిలిన ఎలక్ట్రాన్ ఎక్కడికి పోవలె? ఈ సమ్మేళనం పొరలు పొరలుగా ఉంటుంది. లాంథనం, ఆక్సిజన్ ఒక పొర. ఇనుము, ఆర్సెనిక్ మరొక పొర. మిగిలిన ఎలక్ట్రాన్ పక్కనున్న ఇనుప పొరలోనికి చేరుతుంది. ఫ్లోరిన్ చేరని మూల సమ్మేళనాన్ని చల్లార్చితే, సుమారు 150 కెల్విన్లకు దిగువన దాని స్ఫటికం కొంచెం వంకర తిరిగి, ఇనుప పరమాణువుల అయస్కాంతాలు ఒక క్రమంలో బిగుసుకుంటవి. నూటికి పదింటి చుట్టు ఆక్సిజన్ స్థానాలలో ఫ్లోరిన్ చేరినపుడు ఈ బిగువు సడలి, అతివాహకత తలయెత్తుతుంది.

అదే మూలకం, అదే స్థానమార్పిడి. ఒకచోట అది నడుమును వంచినది, మరొకచోట విద్యుత్తుకు అడ్డు తొలగించినది. తేడా ఫ్లోరిన్‌లో లేదు. అది ఎవరి స్థానంలో కూర్చున్నది, ఇరుగుపొరుగులకు ఏమి చేసినది అను వాటిలో ఉన్నది. “ఎంత కలిపినారు?” అను పట్టికలోని ప్రశ్న ఈ రెండింటిని తాకదు.

పట్టికను సమర్థించేవారు ఒక జవాబు చెప్పవచ్చును: “కలిపిన మూలకం ఎన్ని ఎలక్ట్రాన్లు ఇచ్చినదో, లేక తీసికొన్నదో లెక్కిస్తే సరిపోతుంది కదా!” ఈ వాదంలో బలం లేకపోలేదు. అయితే బేరియం సమ్మేళనం దీనిని మూడు విధాల పరీక్షిస్తుంది. బేరియం స్థానంలో పొటాషియం చేరితే ఎలక్ట్రాన్లు తగ్గుతవి. 38 కెల్విన్లు లభిస్తవి. ఇనుము స్థానంలో కొంచెం కోబాల్టు చేరితే ఎలక్ట్రాన్లు పెరుగుతవి; అప్పుడును 22 కెల్విన్ల చుట్టు అతివాహకత లభిస్తుంది. ఇంతవరకు లెక్క నడచినది. కాని ఆర్సెనిక్ స్థానంలో భాస్వరం చేర్చినారు. ఈ రెండు ఒకే కుటుంబపు మూలకాలు, సంయోజకత ఒకటే, ఎలక్ట్రాన్ల లెక్కలో పెరుగుట లేదు, తరుగుట లేదు. అయినను సుమారు 30 కెల్విన్ల వద్ద అతివాహకత వచ్చినది. ఏ మూలకాన్నీ చేర్చకుండ ఉత్త పీడనం పెట్టినను ఇంచుమించు అంతే లభించినది. భాస్వరం ఆర్సెనిక్ కన్న చిన్నది గనుక, అది లోపలినుండి స్ఫటికాన్ని కుదించి పీడనం చేసే పనిలో కొంత చేస్తున్నదన్న మాట.

మూడవ పరీక్ష ఇంకను కఠినమైనది. ఇనుము స్థానంలో క్రోమియం చేర్చినను, పొటాషియం వలెనే, ఎలక్ట్రాన్లు తగ్గవలె. లెక్క ప్రకారం అతివాహకత రావలె. కాని రాలేదు. పొటాషియం కూర్చున్నది ఇనుప పొరకు వెలుపల. క్రోమియం కూర్చున్నది ఇనుప పొరలోనే. వెలుపలినుండి అందిన సాయం వేరు, నట్టింట చేరిన కలహం వేరు. కోబాల్టును ఇనుప పొర కొంతవరకు ఓర్చుకొన్నది, క్రోమియాన్ని ఓర్చుకోలేదు. కనుక “ఎంత” అను ప్రశ్నకు ముందు “ఎక్కడ” అను ప్రశ్న రావలె.

ఇక ఆకారం సంగతి. ఈ సమ్మేళనాలన్నిటిలోను ప్రతి ఇనుప పరమాణువు చుట్టు నాలుగు ఆర్సెనిక్ పరమాణువులు ఒక చతుర్ముఖిగా నిలుస్తవి. లాంథనానికి బదులు సమేరియం ఉంచినపుడు ఆవేశం మారలేదు. సమేరియం అయాన్ చిన్నది గనుక స్ఫటికం బిగిసినది. చతుర్ముఖి ఇంచుమించు సమచతుర్ముఖి అయినది. ఫ్లోరిన్ సాయంతో 26 కెల్విన్లు 55 అయినవి. ఆర్సెనిక్, ఇనుము, ఆర్సెనిక్‌ల నడుమ కోణం 109.5 డిగ్రీలకు చేరువైన కొలది సందిగ్ధ ఉష్ణోగ్రత పెరుగుతున్నదని 2008లోనే జపానీయ శాస్త్రజ్ఞులు చూపినారు. ఈ సూత్రం విన్నవారికి ఇక రహస్యం దొరకినట్లే తోచినది. సంఘటనపు పట్టికకు బదులు కోణాల పట్టిక వేయసాగినారు.

అదియును తుదిమాట కాలేదు. ఇనుము, సెలీనియంల సమ్మేళనాన్ని చూడండి. ముద్దగా ఉన్నపుడు అది 8 కెల్విన్ల వద్ద అతివాహకం. గట్టిగా పీడించితే సుమారు 37 కెల్విన్లకు ఎదుగుతుంది. ఈ పదార్థాన్నే ఒకే ఒక పొరగా, స్ట్రాన్షియం టైటనేట్ స్ఫటికంపై పరచినపుడు 60 కెల్విన్లకు పైగా అతివాహకత సూచనలు కనబడినవని 2012నుండి చైనాలో క్వికున్ షూ బృందంవారును, ఇతరులును చూపుతూ వచ్చినారు. మూలకాలు అవే రెండు, పాళ్ళు అవే. పట్టికలో ఈ మూడును ఒకే గడిలో పడవలసినవి. మారినది సంఘటనం కాదు. ఒకచోట పిండినారు, ఒకచోట పరచినారు.

జొన్నరొట్టె చేసే ఏ ఇల్లాలికైనా ఇందులో వింత లేదు. పిండి అదే, నీరు అదే. చన్నీళ్ళతో కలిపితే రొట్టె తట్టుటకు రాక బీటలువారుతుంది. మరిగిన నీళ్ళతో కలిపితే చేతిలో సాగుతుంది. తక్కెడలో రెండు ముద్దల సంఘటనమూ ఒకటే. పనికివచ్చే ముద్ద ఒక్కటే.

ఇదే సమ్మేళనం మరొక పాఠం కూడ నేర్పుతుంది. అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2009లో దీనిని మిక్కిలి శ్రద్ధగా తయారుచేసి పరీక్షించినారు. నూరు సెలీనియం పరమాణువులకు 101 ఇనుప పరమాణువులు ఉన్నపుడు 8.5 కెల్విన్ల వద్ద అతివాహకత కనబడినది. 103 ఉన్నపుడు అసలే కనబడలేదు. నూటికి రెండు పరమాణువుల తేడా! తూకంలో కొంత ఏమరినా, కొలిమిలో కొంత ఆవిరియైనా, సీసాపై అంటించిన చీటీ ఒకటి, లోపలి పదార్థం మరొకటి అవుతుంది. చీటీని నమ్మి పట్టిక నింపినవారు తమకు తెలియకుండానే తప్పు వ్రాసినవారవుతారు.

పొటాషియం, ఇనుము, సెలీనియంల సమ్మేళనం విషయంలో ఇంతకన్న పెద్ద చిక్కే వచ్చినది. 2010లో చైనాలో ఇది సుమారు 30 కెల్విన్ల వద్ద అతివాహక మయినపుడు, దాని సగటు సంఘటనాన్నిబట్టి ఎన్నో సిద్ధాంతాలు అల్లినారు. తీరా లోపలికి చూస్తే అది ఒక పదార్థం కాదు, రెండు ప్రావస్థల కలయిక. ఎక్కువ భాగం, ఇనుప స్థానాలు కొన్ని క్రమంగా ఖాళీ పడి, విద్యుత్తును పోనీయని అయస్కాంత పదార్థం. దాని నడుమ సన్నని జాడలుగా అల్లుకొన్న కొద్ది భాగమే అతివాహకం. సగటు సంఘటనం ఈ రెండింటిలో దేనిదీ కాదు. ఒక ఊరిలో ఒకరికి నూరెకరాలు, తొంబదితొమ్మిది మందికి సెంటు భూమి లేదనుకొందాము. సగటున తలకొక ఎకరం అన్న లెక్క తప్పు కాదు. కాని ఆ ఊరిలో ఎకరం రైతు ఒక్కడును లేడు.

ఇక్కడ మన తెలుగు పాఠ్యగ్రంథాల పరిభాషను గురించి కూడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. అర్ధవాహకాల పాఠంలో సిలికాన్‌కు చేర్చే భాస్వరాన్ని, బోరాన్‌ను “మాలిన్యాలు” అని వ్రాస్తున్నాము. శుద్ధ పదార్థంలో కలిసిన పరాయి పరమాణువు అన్న అర్థంలో ఆ మాటను పెద్దలు ఏర్పరచినారు. ఆనాటి అవసరానికి అది చాలినది. కాని మాలిన్య మనగానే మురికి అన్న అర్థం విద్యార్థి మనసులో ముందుగా మెదలుతుంది. మురికి తగులుట యాదృచ్ఛికం. దానిని కడిగివేయుట ధర్మం. స్థానం ఎంచి, పాలు ఎంచి, తెలిసి కూర్చోబెట్టిన పరమాణువు మురికి ఎట్లవుతుంది? పై ఉదాహరణలలో పొటాషియం స్థానమార్పిడి చేసిన మూలకం. నూటమూడవ ఇనుప పరమాణువు నిజంగా చేరరాని చోట చేరినది. రెంటిని ఒకే మాటతో పిలిచినపుడు, భాషలోనే తేడా చెరిగిపోతుంది. మొదటిదానిని “ప్రతిక్షేపితం” అనవచ్చును. “ప్రతిక్షేపణం” అను మాట రసాయనశాస్త్రంలో విద్యార్థులకు ముందే పరిచయమైనదే. రెండవదానికి మాలిన్యమన్న మాటను ఉంచవచ్చును.

పట్టికపై చేయదగిన చివరి ఆక్షేపణ దాని కుడి వరుసను గురించినది. సందిగ్ధ ఉష్ణోగ్రత ఒక్కటే అతివాహకపు విలువకు కొలబద్దయా? అట్లయితే, 1987లోనే 90 కెల్విన్లు దాటి ద్రవనైట్రోజన్‌తో చల్లార్చుటకు వీలైన రాగి సమ్మేళనాల ముందు ఇనుప సమ్మేళనాలు ఓడినట్లే. కాని ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రాల పెద్ద అయస్కాంతాలు హెచ్చుగా నేటికిని నియోబియం, టైటానియంల మిశ్రమలోహపు తీగెతోనే చుట్టబడుతున్నవి. దాని సందిగ్ధ ఉష్ణోగ్రత కేవలం 9 కెల్విన్ల చిల్లర. తీగెగా సాగుట, వంగుట, ఎక్కువ విద్యుత్తును మోయుట దాని గుణాలు. ఆ మోసే శక్తియైనను ఉత్త సంఘటనంవలన రాలేదు. తీగెను సాగదీసి, కాచి, మరల సాగదీయగా లోపల ఏర్పడిన సన్నని టైటానియం పొరలవలన వచ్చినది.

ఈ కొలతలలో ఇనుప సమ్మేళనాలు తీసిపోవు. వాటిలో కొన్నిటి అతివాహకతను చెరపుటకు 50 టెస్లాలు మించిన అయస్కాంత క్షేత్రం కావలె. స్ఫటికపు రేణువులు ఒకదానితో ఒకటి కొంచెం వంకరగా అతుకుకొన్నను, రాగి సమ్మేళనాలంత త్వరగా విద్యుత్ప్రవాహం తగ్గదు. 2016లో చైనాలో నూరు మీటర్ల ఇనుప అతివాహక తీగెను తయారుచేసినారు. ఆర్సెనిక్ విషమగుట, పెళుసుదనం అను రెండు చిక్కులు మాత్రం మిగిలియున్నవి. ఈ సుగుణాలు గాని, చిక్కులు గాని సందిగ్ధ ఉష్ణోగ్రత వరుసలో కనబడవు.

ఇంత చెప్పిన తరువాత పట్టికను చించివేయవలెనా? అక్కరలేదు. దాని ప్రక్కన నాలుగు ప్రశ్నలు వ్రాస్తే చాలును. చేర్చిన మూలకం ఎవరి స్థానంలో కూర్చున్నది? ఆవేశపు లెక్కను మార్చినదా, లేదా? ఇరుగుపొరుగు పరమాణువుల దూరాలను, కోణాలను ఎట్లు మార్చినది? పదార్థం అంతటా ఒకే తీరుగా ఉన్నదా? ఇందుకు ద్రవహీలియం గాని, విలువైన యంత్రాలు గాని అక్కరలేదు. నాలుగు ఎర్రమట్టి ఉండలు, నడుమ ఒక నల్లమట్టి ఉండ, నాలుగు చీపురు పుల్లలు ఉంటే ఏ పల్లెటూరి కళాశాలలోనైనా చతుర్ముఖిని కట్టి చూపవచ్చును. పుల్లలను పైనుండి కొంచెం నొక్కి కోణాలు మారుట చూపితే, పీడనం చేసే పనిని విద్యార్థి కంటితో చూస్తాడు.

ఇనుప పొరలో ఎలక్ట్రాన్లు ఏ బలంచేత జతకూడుతున్నవో శాస్త్రజ్ఞులందరు ఒప్పుకొన్న సిద్ధాంతం ఇంకను లేదు. అయస్కాంత చలనాలే జత కూర్చుతున్నవని పలువురి అభిప్రాయం. జతలకు శత్రువని ఎంచిన అయస్కాంతత్వమే పెండ్లిపెద్ద అయినదన్న మాట! దీనిని తేల్చవలసినవారు నేడు తరగతిగదులలో కూర్చున్నవారే. వారికి పట్టికను అప్పగించి వల్లె వేయించుట కన్న, ఆ పట్టిక ఎక్కడ తప్పుతున్నదో చూపుట మేలు. ఒక మూలకం ఎంత చేరినదని మాత్రమే అడిగేవాడు వంటకపు కొలతలు నేర్చుకొంటాడు. అది ఎక్కడ కూర్చున్నదని అడిగేవాడు రసాయనశాస్త్రం నేర్చుకొంటాడు.